ఋతువెరిగిన వంటయిల్లు



తాపీనదీ తీరమునందలి సూరత్ మహానగరమున, లింబాయత్, ఉధ్నా, డిండోలీ, గోడాదరా, పర్వత్ పాటియా మున్నగు పేటలలో, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి సాంచాల, అనగా మరమగ్గముల, పనికై వచ్చి, తరములుగా కాపురముండి, తమ బిడ్డలను నగరపాలక సంస్థవారి తెలుగు బడులకు పంపుచు, బతుకమ్మను మరువక ఆడుకొనుచున్న తెలుగు కుటుంబములు వేలకొలదిగ ఉన్నవి. ఆ కుటుంబముల తల్లులను, ఇంటి వ్యయభారమును వారితోపాటు మోయుచున్న తండ్రులను ఉద్దేశించి నేడు మాటలాడదలచితిని. విషయము కూరగాయలు, పండ్లు. వాటికై మన చేతినుండి పోవు ధనమును తగ్గించుకొనుట యెట్లు, తగ్గించుకొనియు పళ్లెమునందలి భాగము తరుగకుండ చూచుకొనుట యెట్లు అనునది ప్రశ్న.

ఈ రెండవ సగమే నాకు ముఖ్యమైనది. ఏలయన, ధరలు పెరిగినపుడు కూరగాయల ఖర్చును తగ్గించుటకు ఏ విద్యయు అక్కరలేదు. కొనుట మానివేసిన చాలును. పావుకిలో వంకాయలతో అయిదుగురికి కూర చేసి, మిగిలిన అన్నమును పచ్చడితోను మజ్జిగతోను సరిపెట్టుకొనుట మన యిండ్లలో కొత్తది కాదు. అట్లు సరిపెట్టుకొనునది ఎవరు? పనికి పోవు మగవానికి ముందు వడ్డించి, బడికి పోవు పిల్లలకు పిమ్మట వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన పులుసుతో తన భోజనము ముగించు ఇల్లాలు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణమున, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో దేశమంతట నూటికి 57 మందియు, గుజరాతు రాష్ట్రమున నూటికి 65 మందియు రక్తహీనత గలవారని తేలినది. ఈ సంఖ్యను విన్న పిమ్మట, కూరగాయల సంచిని చిన్నది చేయుటను పొదుపని పిలుచుటకు నాకు నోరు రాదు. సంచి నిండవలెను, దానికి పోవు ధనము తగ్గవలెను. ఈ రెండును ఒక్కసారి సిద్ధించుటకు నాకు కన్పట్టు ప్రధానమార్గము ఒక్కటే: మనము వచ్చి నిలిచిన ఈ దక్షిణ గుజరాతు నేలయొక్క పంటకాలమును, ఆ నేలపై పుట్టి పెరిగినవారు ఎరిగినంత చక్కగా మనమును ఎరుగవలెను.

మొదట ఎంత కావలెనో చూతము. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ మనవారందరు ఎరిగినదే. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన ఆ సంస్థ 2024లో ప్రకటించిన ఆహార నియమములలో, పెద్దవారొక్కొక్కరికి దినమునకు కూరగాయలును ఆకుకూరలును కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, మొత్తము అరకిలో ఉండవలెనని చెప్పినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కనీస పరిమాణము 400 గ్రాములు. అందు బంగాళాదుంపవంటి పిండిదుంపలను లెక్కకు చేర్చరాదు. అయిదుగురున్న యింటికి అరకిలో చొప్పున దినమునకు రెండున్నర కిలోలు, వారమునకు పదునేడున్నర కిలోలు అగును. తొక్కయు తొడిమయు పుచ్చును తీసివేయగా మిగులవలసినది ఇంత గనుక, కొనవలసినది ఇరువది కిలోలని అనుకొనుడు. ఇక్కడి టోకు బజారున సరకునకు ధర పలుకునది ఇరువది కిలోల మణ్ లెక్కననే గదా! అనగా ఒక్క కుటుంబమునకు వారమునకు ఒక మణ్ కావలెను. మనమో, పాశేరు చొప్పున, అనగా పావుకిలో చొప్పున కొనుచున్నాము.

ఆ కొనుచున్న తీరు ఇట్టిది. ఖాతాలో, అనగా మరమగ్గముల కార్ఖానాలో, పండ్రెండు గంటల పాళీ చేసి వచ్చిన మనిషికి బజారుకు పోవు ఓపిక ఉండదు. ఇంట కూర్చుండి చీరలకు రాళ్లంటించియో, దారములు కత్తిరించియో నాలుగు రూపాయలు గడించు ఇల్లాలికి తీరిక ఉండదు. కనుక పొయ్యి వెలిగించువేళకు గల్లీలోనికి వచ్చిన తోపుడుబండివద్ద పాశేరు బెండకాయలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు పుచ్చుకొని, డబ్బు పగారునాడు, అనగా జీతము అందిననాడు, ఇచ్చెదమని చెప్పి వచ్చుట పరిపాటియైనది. బండివానిని నేను నిందింపను. తెల్లవారకమునుపే మార్కెట్టునకు పోయి, సరకు మోసికొని వచ్చి, వాడిపోయిన భాగమును తన నష్టముగా ఓర్చుకొని, మన గడపవద్దకు తెచ్చి యిచ్చుచున్నాడు. ఆ శ్రమకు ప్రతిఫలము అతనికి రావలసినదే. కాని అప్పుపెట్టిన గృహిణి బేరమాడజాలదు, ఏరుకొనజాలదు, మరియొక బండివైపు చూడజాలదు. కూరగాయల బాకీకి వడ్డీ లేదని మనము తలంతుము గాని, ఆ వడ్డీ ధరలోనే కలిసియున్నది. కనుక ఏదో యొక పగారునాడు, వేరొక ఖర్చును వెనుకకు నెట్టియైనను, బండి బాకీని పూర్తిగ తీర్చివేసి, నాటినుండి రొక్కమునకే కొనుడని మొట్టమొదట ప్రార్థించుచున్నాను. తక్కినవన్నియు దీని తరువాతివి.

ఇక ఋతువు సంగతి. 1972లో తాపీనదిపై ఉకాయ్ ఆనకట్ట పూర్తియైనది. దానికి దిగువన కాక్రాపార్ ఆనకట్ట అంతకుమునుపే ఉన్నది. వాటి కాలువలు పారిన మేర ఓల్పాడ్, కామ్రేజ్, బార్డోలీ ప్రాంతములు చెరకుతోను, వరితోను, అరటితోటలతోను, కూరగాయ మడులతోను పచ్చబడినవి. దక్షిణముగ నవ్‌సారీ, గండేవీ, అమల్‌సాడ్ లవైపు సపోటాతోటలు, అటుపైన వల్సాడ్ వరకు మామిడితోటలు. ఇంతటి పంటభూమి చుట్టుముట్టియున్న నగరమున కూరగాయలు ప్రియమని మనము వాపోవుటకు కారణమేమని విచారించినచో, సగము కారణము మన జిహ్వయందే యున్నదని తోచుచున్నది. పప్పుదోసకాయ, గోంగూర, మనయూరి రకపు వంకాయ, ఇవి ఎప్పుడును ఉండవలెనని మన కోరిక. నవజీవన్ ఎక్స్‌ప్రెస్సులో వరంగల్లునుండి వచ్చు బంధువు సంచిలో తెచ్చిన గోంగూరను పండుగవలె తినుటలో దోషము లేదు. నేనును అట్లు తినువాడనే. కాని దినదినమును కడుపు నింపవలసిన కూర, ఈ నేలమీద ఈ మాసమున రాశులుగ పడియున్నదే కావలెను.

శీతకాలము చూడుడు. కార్తికము వెళ్లినది మొదలు మాఘము దాక సూరత్ బజారువంటి కూరగాయల బజారు మరియొకటి ఉండునాయని నాకు అనిపించును. గోబీ, క్యాబేజి, ముల్లంగి, క్యారెట్టు, టమాటా, పచ్చిబఠాణీ, మెంతికూర, పాలకూర ఒక్కుమ్మడి దిగును. సూరతీ పాపడీ యని ఇక్కడివారు గొప్పగ చెప్పుకొను చిక్కుడు, తువేర్ అను పచ్చి కందికాయ, లీలూ లసణ్ అను ఆకులతోడి లేత వెల్లుల్లి, రతాళూ అను ఊదారంగు పెండలము, ఇవన్నియు ఆ మూడు నెలలవి. వీటి నన్నింటిని చేర్చి, మెంతికూర ముఠియాలతో గుజరాతీలు ఉంధియూ వండుదురు. ఆ వంటకమునే వండుకొనుడని నేను చెప్పను. దానికి పోయు నూనెయే మన పగారులో కొంత తినివేయును. కాని ఆ సరకును మన వంటలోనికి తెచ్చుకొనుటకు అడ్డమేమి? సూరతీ పాపడీని నువ్వులపొడి చల్లి మన చిక్కుడుకాయ కూరవలె వండిన ఎంత రుచియో తిన్నవారికి తెలియును. పచ్చికందికాయను ఉప్పువేసి ఉడికించి పిల్లల చేతికిచ్చుట మన పల్లెలలో సంక్రాంతినాటి ఆచారమే. మెంతికూర పప్పు, ముల్లంగి పులుసు, పాలకూర పప్పు మనకు నేర్పవలసిన పనిలేదు. ఒక్క మాట మాత్రము చెప్పెదను: జనవరి 14వ తేదీన వచ్చు ఉత్తరాయణమునకు గుజరాతీల ప్రతి యింటను ఉంధియూ ఉండవలెను గనుక, ఆ పండుగకు ముందు దినములలో పాపడీకిని రతాళూకిని ధర ఆకాశమున గాలిపటములతో పోటీపడును. ఆ దినములలో వాటిజోలికి పోక క్యాబేజి, గోబీలతో గడుపుకొని, పండుగ దాటిన పిమ్మట పాపడీని కడుపునిండ తినుడు.

శ్రావణమాసమును అట్టిదే. ఆ నెలయంతయు ఉపవాసములుండు గుజరాతీ కుటుంబములు అరటిపండ్లు, బంగాళాదుంప, చిలగడదుంప, కంద విస్తారముగ కొనుదురు. మన వరలక్ష్మీవ్రతమును ఆ నెలలోనే వచ్చును. తాంబూలమునకు కావలసినవి కొనుట తప్పదు గాని, ఆ నెలలో దినవెచ్చపు పండుగా అరటిని పెట్టుకొన్నచో చేతిచమురు వదలును.

వానకాలము గడ్డుకాలము. మడులలో నీరు నిలిచి ఆకుకూర కుళ్లిపోవును. కొత్తిమీర కట్ట ధరను చెప్పిన గుండె ఝల్లుమనును. అపుడు తీగమీద కాయునవియే మనకు దిక్కు: దొండ, కాకర, సొర, బీర, పొట్ల, వాటితోపాటు కోసి ముక్కలుగ అమ్ము గుమ్మడి. చేమ ఆకులు వానలకే బలియును. ఇక్కడివారు వాటికి శనగపిండి పూసి చుట్టి పాత్రా చేయుదురు, మనము చింతపండు పులుసుతో వండుకొనవచ్చును. కంకోడాను, అనగా మన ఆకాకరకాయను చూచి మనస్సు లాగుట సహజమే. అది ఎప్పుడును ప్రియమైనదే గనుక ఆ ఋతువులో ఒక్కసారి తిని తృప్తిపడుట మేలు. ఆకుకూర కరవైన ఆ రెండు నెలలు పెసలు మొలకెత్తించుకొని తినుడు. గుప్పెడు పెసలు మూడింతలై గిన్నె నింపును.

వేసవిలో గోరుచిక్కుడు, బెండ, బీర, సొర, దోసకాయ, పచ్చిమామిడి. మామిడిపండ్ల విషయమున తొందరపాటు పనికిరాదు. ఏప్రిలులో వచ్చు తొలి హాఫూస్ పెట్టెలు శ్రీమంతులకొరకు వచ్చునవి. తోటలు విరుగపండి, వానమబ్బు కనబడి, రైతు కాయను చెట్టున నిలుపజాలక కోసి పంపు దినములు మే చివరను, జూను మొదటను వచ్చును. మన పండ్ల పండుగ అప్పుడు.

పండ్ల మాట వచ్చినది గనుక ఒక వృత్తాంతమును చెప్పెదను. 1930 మార్చి మాసాంతమున గాంధీమహాత్ముడు దండి యాత్రలో ఓల్పాడ్ ప్రాంతపు భాట్‌గామ్ అను గ్రామమునకు చేరెను. యాత్రికుల కొరకు సూరత్ నుండి మోటారు లారీపై పాలు తెప్పించిరని ఆయనకు తెలిసినది. ఆ సాయంకాలపు సభలో ఆయన ఆ విషయమునే ఎత్తి, పేదదేశమున పేదలపేర నడచువారు ఇట్టి వ్యయము చేయుట తగదని తీవ్రముగ మందలించెను. ఊరిలో దొరకునదానితో తృప్తిపడక దూరమునుండి తెప్పించుకొనుటవలన కలుగు అధికవ్యయమును సూరత్ సీమలోనే, ఒక్క లారీ పాలనుబట్టి, ఆయన అట్లు ఎత్తిచూపెను. నేడు మన పండ్ల బండిమీద కాశ్మీరమునుండియు హిమాచలమునుండియు, సముద్రములు దాటియు వచ్చిన ఆపిల్ పండ్లు మైనముపూతతో మెరయుచున్నవి. జ్వరము తగిలిన బిడ్డకు ఆపిల్ కొనిపెట్టనిచో తల్లిగా లోపము చేసితినని బాధపడు ఇల్లాండ్రను చూచినపుడు నాకు దుఃఖము కలుగును. నూరు గ్రాముల జామపండులో సి విటమిను రెండువందల మిల్లీగ్రాములకు పైగా ఉన్నది. అంతే ఆపిల్‌లో అయిదు మిల్లీగ్రాములైనను లేదు. ఉసిరికాయ జామను మించినది. జామ, రేగు, ఉసిరి, బొప్పాయి, సీతాఫలము, సపోటా, అరటి, నేరేడు, వీటిలో ఏదో యొకటి సంవత్సరమున ప్రతి మాసమునను ఈ సీమలోనే దొరకును. ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టుటకు సి విటమిను తోడ్పడును గనుక, మెంతికూర పప్పు తిన్నపూట ఒక జామముక్కయో, అన్నముపై పిండిన నిమ్మచెక్కయో ఉండిన మేలు. భోజనముపైనే త్రాగు టీ దానికి విరుద్ధముగ పనిచేయును. సాంచాల నడుమ నిలిచి పనిచేయువారికి టీ ఒక ఆధారమని ఎరుగుదును. కాని తిన్నవెంటనే గాక గంటసేపు ఆగి త్రాగుడు, దినమునకు ఒక్క కప్పు తగ్గించి ఆ డబ్బుతో ఒక పండు తినుడు.

ఇక కొనుచోటు. లింబాయత్‌కును పర్వత్ పాటియాకును సర్దార్ మార్కెట్టు, అనగా సూరత్ వ్యవసాయోత్పత్తుల మార్కెట్టు, ఎంతో దూరము లేదు. చీకటితోనే లారీలు దిగును. డీసానుండి బంగాళాదుంపలు, నాసిక్ వైపునుండి ఉల్లియు ద్రాక్షయు, చుట్టుపట్ల పల్లెలనుండి కాయగూరలు. గల్లీలోని ధరకును అక్కడి ధరకును ఎంత భేదమో చూచినగాని నమ్మరు. కాని ఒక్క కుటుంబము అక్కడికి పోయి చేయునదేమి? మణ్ వంకాయలు కొని ఇంటికి తెచ్చిన, మూడవనాటికి సగము పారవేయవలసివచ్చును. పారవేసిన కాయకంటె ప్రియమైన కాయ లేదు. అందుచేత నేను చెప్పునది ఐదు కుటుంబముల కూటమి. ఒకే గల్లీలో, లేదా ఒకే మేడలో ఉన్న ఐదుగురు వదినెమరదండ్లు, అక్కచెల్లెండ్లు చేరి, వారమునకొకసారి ఐదు రకములు ఒక్కొక్క మణ్ కొందురు: ఒకటి ఉల్లి, ఒకటి ఆ కాలపు పండు, తక్కినవి ఆ ఋతువున రాశిపడిన మూడు కూరలు. ఐదు వాటాలు వేసినచో ఒక్కొక్కరికి ఒక్కొక్క రకము నాలుగేసి కిలోలు, మొత్తము ఇరువది కిలోలు వచ్చును. ముందు నేను చెప్పిన లెక్క ఇదియే. మార్కెట్టునకు ఇద్దరు పోయిన చాలును, వంతులవారీగ పోవచ్చును. ఆటో కిరాయి ఐదుగురికి పంచుడు. వాటా వేయువేళ కాయలను పెద్దవి చిన్నవి కలిపి కుప్పలు పోసి, కుప్పలు వేసినవారు కడపట తీసికొనవలెనని కట్టడి చేసికొనుడు. ఇట్టి చిన్న ఏర్పాటు లేకపోవుటచేతనే ఎన్నో కూటములు రెండు వారములకే చెదరిపోవుచుండును. లెక్కపుస్తకము బడికి పోవు ఆడపిల్లచేత వ్రాయించుడు. ఆమెకు లెక్కలును వచ్చును, ధరలును తెలియును.

మనసీమలో 1999 జనవరి 26న రైతుబజారులు ఆరంభమైనపుడు, పండించినవాడు దళారి లేకుండ తినువాని ఎదుట కూర్చుండి అమ్ముట ఎంతటి మేలో మనవారు కన్నులార చూచిరి. వరంగల్లునను కరీంనగరమునను వాటిలో కొన్న అలవాటుగల పెద్దలు మీ యిండ్లలో ఉన్నారు. ఇక్కడను పల్లెనుండి గంపతో వచ్చి, మార్కెట్టు గోడల ప్రక్కను, రోడ్డు మలుపులలోను గోనెసంచి పరచుకొని కూర్చుండు రైతుస్త్రీలు కలరు. వారివద్ద రకములు తక్కువ, కాయలు వంకరటింకర. కాని నిన్న సాయంకాలమో నేటి వేకువనో కోసినవి. అట్టివారిని గుర్తుపెట్టుకొని మాటిమాటికి వారివద్దనే కొన్నచో, బేరము లేకుండగనే కొసరు పడును. కూరతోపాటు కొత్తిమీర, రెండు పచ్చిమిరపకాయలు, కరివేపరెబ్బ ఊరక యిచ్చు ఆచారము గుజరాతున ఇంకను ఉన్నది, అడుగుటకు సిగ్గుపడకుడు. సాయంకాలము దీపములు పెట్టిన తరువాత ధర దిగును గాని, అప్పుడు మిగిలినవి ఆ రాత్రియే వండదగినవి. అగ్గువయని రెండుమూడు దినములకు కొని నిలువజేయరాదు.

తెచ్చినదానిలో మనము పారవేయుచున్నది ఎంతో లెక్కించితిరా? మార్కెట్టులో ఏరివేసిన ఆకులును కాయలును ఎంత యనగా, వాటినుండి ఇంధనవాయువు తీయు యంత్రాగారమునే సూరత్ మార్కెట్టువారు నెలకొల్పుకొనిరి. గోబీపువ్వును కొనువేళ చుట్టునున్న ఆకులను విరిచివేయించుకొని తేలిక చేసికొందుము. సున్నపుధాతువు పువ్వులో కంటె ఆ ఆకులలో ఎన్నో రెట్లు అధికము. లేత ఆకులను సన్నగ తరిగి శనగపప్పుతో వండిన మంచి కూర. ముల్లంగి కొన్నపుడు ఆకు వదలకుడు. ఆకుతో పప్పు, దుంపతో పులుసు, ఒక్క వెలకు రెండు పూటలు. బీరపొట్టు పచ్చడి, సొరతొక్కు పచ్చడి మన అవ్వలు చేసినవే. పుచ్చకాయ ఎర్రటి గుజ్జు తిని పారవేయు తెల్లటి దళసరి భాగము సొరకాయవలె కూరకు వచ్చును. పచ్చి బొప్పాయిని గుజరాతీలు కోరి తాలింపు పెట్టి సంభారో యని గాఠియాతో తిందురు. దానిని పెసరపప్పుతో మన పద్ధతిని వండిన ఇంటిల్లిపాదికి సరిపోవును.

నిలువజేయుట గూర్చి కొంత చెప్పవలెను, ఏలయన ఒక్క గది కాపురములలో ఫ్రిజ్ లేని ఇండ్లు ఇంకను ఉన్నవి. నైజీరియా దేశమున మహమ్మద్ బా అబ్బా అను ఉపాధ్యాయుడు, పెద్దకుండలో చిన్నకుండ నిలిపి, నడుమ ఇసుక పోసి తడుపుచు, లోపలి కుండలో కూరగాయలుంచి తడిబట్ట కప్పు పద్ధతిని పేద రైతులలో వ్యాపింపజేసెను. వంకాయలు మూడునాళ్లకు బదులు మూడువారములకు పైగా నిలిచినవట. మన ఢిల్లీలోని పూసా పరిశోధనాలయమువారును ఇటుకలతోను ఇసుకతోను ఇట్టి శీతలగృహమునే రూపొందించిరి. నీరు ఆవిరియగుచు వేడిని లాగివేయుటయే ఇందలి కీలకము. కాని సూరత్ సముద్రము చెంతనున్న ఊరు. వానకాలమున గాలియే తడిసియుండును గనుక అపుడీ కుండ పెద్దగ పనిచేయదు. చలికాలము చివరనుండి వేసవివరకు, గాలి పొడిగనున్న దినములలో మాత్రము చక్కగ ఉపకరించును. వానలలో దానిని నమ్ముకొనక, త్వరగ చెడు రకములను రెండుమూడు దినములకే సరిపడ కొనుడు. ఉల్లిని బంగాళాదుంపతో కలిపి బుట్టలో వేయకుడు, రెండును చెడును. అరటిపండ్ల ప్రక్కన ఏ కాయనుంచినను త్వరగ పండిపోవును. ఆకుకూరను కడుగకుండ పొడిబట్టలో చుట్టి, వండబోవునపుడే కడుగుడు.

చవుకనాడు ఎండబెట్టి ప్రియమైననాడు తినుట మన పూర్వుల విద్య. వరుగులు చేయు ఇండ్లు నేడు తగ్గినవి. మార్చి ఎండలలో గోరుచిక్కుడును, వంకాయను, చివరి టమాటాలను చీల్చి ఎండబెట్టి, మేడమీద పరచిన వరుగులను డబ్బాకెత్తినచో, జూలైలో ఆ డబ్బాయే ఆదుకొనును. 2023 వానకాలమున టమాటా కిలో నూరు రూపాయలు దాటి, కొన్ని నగరములలో రెండువందలకు పోయినపుడు, టమాటా లేనిదే చారు కాదని తలచిన ఇండ్లన్నియు తల్లడిల్లినవి. చింతపండు చేత నున్న తెలుగువారు తల్లడిల్లుటకు కారణమే లేదు. టమాటా మన వంటలోనికి వచ్చి ఎంతకాలమైనది? చింతపండు, మామిడి ఒరుగు, నిమ్మ, ఎండు గోంగూర, ఇక్కడ దొరకు కోకమ్, పులుపునకు మనకు కొదవ యేమి?

కడపట మునగ. గుజరాతీలు సరగవో యని కాయను కఢీలో వేసికొందురు. ఆకును మాత్రము పట్టించుకొనువారు తక్కువ. మునగాకులో సి విటమిను విస్తారము, సున్నము పాలకంటె అధికము. ఇంత విలువగల ఆకు రొక్కమిచ్చి కొనవలసిన పనిలేదు. ఇంటి ముందర జానెడు నేల ఉన్నవారు, లేదా మేడమీద పాత రంగుడ్రమ్ము నిలుపుకొన చోటున్నవారు, చేతిమణికట్టంత లావు గల మునగకొమ్మను మూరెడు మూరెడున్నర పొడవున కోసి, తొలివాన పడి మట్టి నానిన దినములలో పాతుడు. డ్రమ్ము అడుగున రంధ్రములు పెట్టి, మట్టిలో సగము ఇసుక కలుపుడు; నీరు నిలిచిన వేరు కుళ్లును. మనిషెత్తు పెరుగగానే తల త్రుంచిన పక్కలకు కొమ్మలు వేసి చేతికందు ఎత్తున ఆకు నిచ్చును. గుప్పెడు ఆకు పప్పులోనికి, గుప్పెడు ఎండబెట్టి నువ్వులు మిరపకాయలతో దంచి పొడిగను ఉంచుకొనుడు; ఆ పొడిని మొదటి ముద్దలో వేసికొని ఇంటి ఇల్లాలు తప్పక తినవలెను.